చేయి ఆటబొమ్మ కాదు

సంక్రాంతి వెళ్ళిన మూడవ దినమున మేము బుక్కరాయసముద్రములో ఒక ఇంటికి వెళ్ళాము. ఇది 2024వ సంవత్సరపు మాట. గడప దాటక ముందే ఆ ఇంటి అవ్వ ఖాళీ గోనెసంచి ఒకటి చేత పట్టుకొని ఎదురు వచ్చింది.

"అయ్యగారూ, మీరిచ్చిన పిల్లిని మీరే తీస్కపోండి. ల్యాకుంటే ఈ సంచిలో ఏసి చెరువు అవతల ఇడ్సి వస్తా. నా మనవరాలి చేతులు సూడండి, ఎట్ల చేసినాదో!"

సంచిలో వేయవలసిన అపరాధి గాదె మీద ఎక్కి కూర్చొని మమ్ములను చూచుచున్నది. దానికి మూడు నెలలు కూడ నిండలేదు. గుప్పెడంత ఒళ్ళు, దానికి మించిన చెవులు. క్రింద తల్లి ప్రక్కన నాలుగేండ్ల పాప చేతులు రెండును పావడాలో దాచుకొని కూర్చొనియున్నది. మేము బ్రతిమాలిన మీదట చేతులు చాపింది. మణికట్టు నుండి మోచేతి వరకు గీతలు. కొన్ని మానినవి, కొన్ని పచ్చివి. బొటనవ్రేలి మొదట రెండు పంటి గుర్తులు. కరచినది ఆ ఉదయమే.

ప్రియ చదువరులారా, పిల్లికూన ఆటలో కరచుట, రక్కుట చిన్న సంగతి అని మీరనుకొనవచ్చును. మేమును అట్లే అనుకొన్నాము. అయితే ఆ ఇంటిలో పిల్లి వినోదము కొరకు తెచ్చుకొన్నది కాదు. అనంతపురము జిల్లాలో సంవత్సరమునకు కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు, అది కూడ కురిసిన ఏట. ఊరికి, అనంతపురము పట్టణమునకు నడుమ బుక్కరాయల కాలపు చెరువు ఉన్నది గాని, మెట్ట పొలము వారికి ఆకాశమే చెరువు. అక్టోబరు, నవంబరులలో వేరుశెనగ పెరికిన తరువాత విత్తనమునకు కావలసిన కాయలను ఏరి సంచులకెత్తి, మరుసటి జూన్ వరకు ఇంటిలో దాచుకొందురు. వలిచిన గింజ మొలక శక్తి త్వరగా పోవును గనుక కాయగానే ఉంచవలెను. ఎకరమునకు 50, 60 కిలోల గింజ కావలెను. ఆ సంచులున్న గదిలో ఎలుకలు చేరినవంటే తిన్నదానికంటె కొరికి పాడుచేసినది ఎక్కువ. ఎలుకల మందు పెట్టుటకు ఆ తల్లికి భయము. చిన్నబిడ్డ ఉన్న ఇల్లు, పైగా మందు తిన్న ఎలుకను పట్టి తిన్న పిల్లి కూడ చచ్చును. కాబట్టి పిల్లి కావలెనని అడిగారు. ఆ సమయమున మా ఇంటి పిల్లి నాలుగు కూనలను పెట్టియున్నది.

ఇక్కడ మా తప్పును దాచము. ఆ కూనను మేము ఇచ్చినప్పుడు దానికి ఐదు వారములే. పాలు మానకపోయినను పళ్ళెములోని అన్నము నాకుచున్నది గదా, ఇక చాలునని తలంచాము. నిజము చెప్పవలెనంటే, ఇల్లంతయు పరుగులెత్తుచున్న నాలుగింటిలో ఒకటి తగ్గితే మేలని కూడ తలంచాము. మిగిలిన మూడును ఎవరును అడుగనందున మూడు నెలలు దాటువరకు తల్లి యొద్దనే పెరిగినవి. ఆ మూడింటిలో ఏదియు మా చేతి మీద రక్తము చూడలేదు. పంటితో పట్టుకొనును గాని నొక్కదు. ఒక్క ఈత కూనలలో ఇంత భేదమెందుకని మేము చాల ఆలోచించాము.

అయితే ముందుగా గాయము సంగతి. అవ్వ దాని మీద పసుపు, కాఫీపొడి అద్దియున్నది. మేము ఆ దినమున పిల్లిని గూర్చి ఏమియు మాటలాడక, పాప చేతిని ధారగా నీళ్ళు పోయుచు సబ్బుతో పదిహేను నిమిషములు కడిగించి, వెంటనే ఆరోగ్య కేంద్రమునకు తీసికొనిపొమ్మని చెప్పాము. రేబిస్ అను వ్యాధి కుక్క వలననే కాదు, పిల్లి కాటు వలన, పిల్లి రక్కుట వలన కూడ రావచ్చును. లక్షణములు కనబడిన తరువాత దానిని నయము చేయు మందు నేటికిని లేనట్టే. లక్షణములు కనబడక ముందే, కాటు పడిన వెంటనే టీకా వేయించుకొంటే దానిని ఆపవచ్చును. ఇంటి పిల్లికూన గదా అని మనకు మనమే తీర్పు తీర్చుకొనకూడదు. ఆ మాట వైద్యుడు చెప్పవలెను.

అవ్వ ఒప్పుకొనలేదు. "బొడ్డు సుట్టూ పద్నాలుగు సూదులా! పసిబిడ్డకా!" అని ఏడ్చింది. పెద్దల మనస్సులో ఆ భయము ఊరకనే కలుగలేదు. 1911లో కసౌలిలో డేవిడ్ సెంపుల్ అను వైద్యుడు తయారుచేసిన పాత టీకాను దశాబ్దముల పాటు మన దేశములో కడుపు మీదనే వేసేవారు. ఆ టీకాను 2004 చివరితో మన దేశములో మానివేశారు. ఇప్పుడు ప్రభుత్వ వైద్యశాలలలో భుజము చర్మములోనికి సన్నని సూదితో వేయుచున్నారు. మొదటి దినమున, తరువాత 3, 7, 28వ దినములలో. రక్తము వచ్చిన గాయమైతే గాయము చుట్టూ మరియొక మందు కూడ ఇచ్చెదరు. ఇది విన్న తరువాత అవ్వయే పాపను చంకనెత్తుకొని బయలుదేరింది. పసుపు, సున్నము, కారము, ఆకు పసరు, ఇవేవియు కాటు మీద పెట్టవద్దు. సబ్బు, నీళ్ళు, ఆసుపత్రి. పిల్లిని కూడ పది దినములు కట్టడిలో ఉంచి చూడుడని వైద్యుడు చెప్పినందున సంచి ప్రయాణము ఆగిపోయినది. పది దినముల లోపల జంతువునకు జబ్బు చేసినదా లేదా అని చూచుటకు అది కండ్ల ఎదుట ఉండవలెను గదా. విడిచిపెట్టి వచ్చినట్లయితే ఎవరిని చూచెదరు?

ఆ పది దినములే మాకు దొరికిన గడువు.

పిల్లికూన ఎందుకు కరచును? కోపము చేత కాదు, పగ చేత అసలే కాదు. నాలుగవ వారము మొదలుకొని కూనలు ఒకదానితో ఒకటి పెనుగులాడును. తొమ్మిదవ వారము నుండి పదునాలుగవ వారము వరకు ఈ ఆట ముమ్మరముగా ఉండును. పొంచియుండుట, ఎగిరి దూకుట, ముంగాళ్ళతో పట్టుకొని వెనుకకాళ్ళతో తన్నుట, మెడ కొరుకుట, ఇవన్నియు రేపు ఎలుకను పట్టుటకు నేడు చేయు సాధకము. ఒక కూన గట్టిగా కొరికితే రెండవది కీచుమని అరచి ఆట మానివేసి పోవును. ఆట పోయిన తరువాత కొరికిన కూనకు పని లేదు. కొంతసేపటికి మరల వచ్చి ఈసారి మెల్లగా పట్టుకొనును. తల్లి కూడ హద్దు మీరినదానిని కాలితో అణచి పట్టును, లేక లేచి పోవును. ఇట్లు ఎంత గట్టిగా కొరికితే ఆట చెడిపోవునో దానికి తెలిసివచ్చును. పిల్లి తన పిల్లలను ఏడిళ్ళు త్రిప్పునని మనవారు అందురు గాని, ఆ ఏడిళ్ళలోను కూనలు ఒకటిగా ఉండుటయే వాటి బడి. మేము ఐదవ వారములోనే ఒక దానిని ఆ బడి నుండి తీసివేశాము.

ఇది మా ఊహ మాత్రమే కాదు. ఫిన్లాండులోని హెల్సింకి విశ్వవిద్యాలయమువారు సుమారు 5,700 పిల్లులను గూర్చి వాటి యజమానులను విచారించి 2017లో ఒక పరిశోధన ప్రకటించారు. ఎనిమిది వారములకు ముందే తల్లిని విడిచిన పిల్లులలో మీదపడు స్వభావము ఎక్కువగా కనబడినది. పదునాలుగు వారముల వరకైనను తల్లి యొద్ద ఉంచుట మేలని వారి మాట. అట్లని ఐదు వారముల కూనను మనుష్యుడు ముట్టనే కూడదని కాదు. రెండవ వారము నుండి ఏడవ వారము లోపల మనుష్యుల చేతులకు అలవాటు పడిన కూనయే పెద్దదైన తరువాత మచ్చికగా ఉండును. తల్లి యొద్దనే ఉంచి, దినదినము చేతిలోనికి తీసికొని నిమరవలెను.

ఇక ఆ ఇంటిలో జరిగినది వినండి. పిల్ల వచ్చిన మొదటి వారములో అందరికిని అది ముద్దు. తండ్రి సాయంకాలము పొలము నుండి వచ్చి కాళ్ళు చాపుకొని వ్రేళ్ళు ఆడించేవాడు. కూన వ్రేళ్ళ మీదికి దూకేది. సూది మొనల వంటి పాలపండ్లు, చక్కిలిగింత తప్ప నొప్పి లేదు. అందరు నవ్వేవారు. బడికి పోవు అన్న దుప్పటి క్రింద పాదములు కదిలించేవాడు. దాని మీదికిని దూకేది. పాప తన చేయి దానికిచ్చి, అది పట్టుకొనగానే లాగుకొనేది. ఐదు వారములప్పుడు చేయి ఎలుక అని నేర్పి, పదకొండు వారములప్పుడు చేయి ఎలుక కాదని కొట్టితే ఆ మూగజీవికి ఏమి తెలియును?

కొట్టుట కూడ జరిగినది. చెప్పుతో ఒకసారి, చీపురుతో చాల సార్లు. గదిలో పెట్టి కొట్టితే పిల్లి కూడ తిరుగబడునని సామెత. దెబ్బ తిన్న కూన రెండు దారులలో ఒకటి పట్టును. చేయి కనబడగానే పారిపోవును, లేదా ఇంకను గట్టిగా కరచును. చీపురు కదలిక దానికి మంచి ఆట అని కూడ మరువకూడదు. ఆ ఇంటిలో అవ్వ ఊడ్చుటకు మొదలుపెట్టగానే అది ఎక్కడ ఉన్నను వచ్చి చీపురు మీద పడేది.

ఆ ఇంటివారితో మేము చెప్పిన మొదటి మాట: ఈ దినము నుండి ఈ ఇంటిలో చేయి, కాలు ఆటబొమ్మలు కావు. తండ్రి వ్రేలు కాదు, అన్న పాదము కాదు, ఎవరిదియు కాదు. ఒకరు ఆడించి ఒకరు కొట్టితే అది నేర్చుకొనదు.

ఆట మాన్పించుట మా ఉద్దేశము కాదు. ఆట దానికి ఆకలి వంటిది. ఆట వస్తువును మార్చవలెను. అన్న పరుగెత్తి ఒక ఎండు జొన్నదంటు తెచ్చాడు. దాని కొనకు పాతచీర పేలికను మూరెడు పొడవున కట్టాము. దంటు పొడవు ఉండుట చేత పేలికకు, చేతికి నడుమ దూరము ఉండును. పేలికను నేల మీద ఎలుక పోవునట్లు జరజర లాగి, మంచము కోడు చాటున దాచి, మరల కొన మాత్రము చూపవలెను. ముఖము మీదికి విసరకూడదు. ఏ ఎలుకయు పిల్లి ముఖము మీదికి రాదు గదా! మధ్య మధ్య దానిని పట్టుకొననీయవలెను. ఎంతసేపు ఉరికినను చిక్కని ఆటకు దానికి విసుగు పుట్టి, ప్రక్కనున్న కాలిని పట్టుకొనును.

పెనుగులాడి వెనుకకాళ్ళతో తన్నుటకు వేరొక వస్తువు కావలెను. పాత మేజోడులో గుడ్డపీలికలు కుక్కి జానెడు పొడవున మూతి కుట్టించాము. గింజ వలిచిన మొక్కజొన్న బెండు కూడ మంచిదే. మూడున్నర నెలల నుండి ఆరు నెలల లోపల పాలపండ్లు ఊడి గట్టిపండ్లు వచ్చును గనుక అప్పుడు నమలుట ఇంకను ఎక్కువగును. దారము, ఊలు, రబ్బరుబ్యాండు మాత్రము ఇవ్వరాదు. పిల్లి నాలుక మీది ముండ్లు లోపలి వైపునకు వంగియుండును, దారము నోటబడితే ఉమ్మివేయలేక మ్రింగును, పేగులకు చుట్టుకొనును. పేలిక కట్టిన దంటును కూడ ఆట కాగానే చూరులో చెక్కి పెట్టవలెను.

ఎప్పుడు ఆడించవలెను? తెల్లవారుఝామున, ప్రొద్దు గూకు వేళ పిల్లికి ఒళ్ళు నిలువదు. ఆ వేళలోనే ఇంటివారు పనిలో ఉందురు, కాళ్ళు అటు ఇటు తిరుగుచుండును, కాట్లన్నియు ఆ వేళలోనే. కాబట్టి ఉదయము ఒకసారి, దీపము పెట్టు వేళ ఒకసారి, పది నిమిషముల చొప్పున ఆడించి, కడపట దానికి అన్నము పెట్టుడని చెప్పాము. వేటాడి, తిని, ఒళ్ళు నాకుకొని, నిద్రపోవుట దాని క్రమము. అన్నము ముందు పెట్టి ఆట తరువాత పెట్టితే ఆ క్రమము తలక్రిందులగును.

ఇంత చేసినను అది చేతిని పట్టుకొనినప్పుడు ఏమి చేయవలెను? అవ్వ అడిగిన ప్రశ్న ఇదే. చేయి లాగకూడదు. లాగితే పారిపోవు ఎలుకయే, గోళ్ళు ఇంకను లోతుగా దిగును. చేయి కదలక మెదలక రాయివలె ఉంచవలెను. పట్టు సడలకున్నయెడల చేతిని కొంచెము దాని వైపునకే నెట్టితే తికమకపడి వదలును. అప్పుడు అరువక, తిట్టక, దాని ముఖమైనను చూడక లేచి పోవలెను. ఒక నిమిషము, రెండు నిమిషములు ఆట లేదు, మనిషి లేడు. తోడి కూన చేసిన పని ఇదే గదా. నాలుగేండ్ల పాపకు ఇది కష్టము. కాబట్టి పెద్దవారు లేనప్పుడు పాపను, కూనను ఒక్కచోట విడువవద్దని గట్టిగా చెప్పాము. గోళ్ళ కొనలు కూడ వెలుతురులో చూచి, తెల్లని మొన మాత్రమే తీయవచ్చును. లోపలి ఎఱ్ఱని భాగమును తగిలితే నెత్తురు వచ్చును, ఇక జన్మలో పాదము పట్టుకొననీయదు.

ఆటను కోపమును వేరుపరచి చూచుట కూడ నేర్చుకొనవలెను. ఆడుచున్న కూన సాధారణముగా శబ్దము చేయదు, చెవులు నిలిచియుండును, వీపు వంచి ప్రక్కకు గంతులు వేయును. చెవులు తలకు అంటించి, బుస్సుమనుచు, తోక కొట్టుకొనుచున్నదంటే అది ఆట కాదు, భయము. అప్పుడు దాని దారి విడువవలెను. నిమురుచుండగా తోక కొన టపటప కొట్టుకొన్నను, వీపు చర్మము జలదరించినను ఇక చాలునని అర్థము. ఇంతవరకు సాధువుగా ఉన్న పిల్లి ఉన్నట్టుండి అందరి మీద పడి కరచుచు, చొంగ కార్చుచు, గొంతు మారి అరచుచున్నదంటే ముట్టవద్దు. పశువైద్యునికి తెలియజేయవలెను.

నాలుగవ దినమున మరల ఆ ఇంటికి వెళ్ళాము. ఏమియు మారలేదని అవ్వ పెదవి విరిచింది. నిజమునకు కొంచెము ఎక్కువైనది కూడ. ఇంతకుమునుపు కరచితే ఆట దొరికేది, ఇప్పుడు దొరకుట లేదు, గట్టిగా కరచితే దొరకునేమో అని అది ప్రయత్నించుచున్నది. అప్పటికి తండ్రి కూడ మాట తప్పాడు. రాత్రి ఎవరును చూడకుండ వ్రేళ్ళు ఆడించుచుండగా పాపయే పట్టి ఇచ్చింది. మేము నవ్వుకొన్నాము గాని అతనికి చెప్పవలసినది చెప్పాము.

తొమ్మిదవ దినమున అన్న మా యొద్దకు వచ్చి "అయ్యగారూ, రెండు దినాల నుంచి కరసల్యా. జొన్నదంటు తీస్తే సాలు, యాడున్నా వచ్చి కూసుంటాది" అని చెప్పాడు. పది దినములు నిండినవి, కూనకు ఏ జబ్బును లేదు. వైద్యుడు చెప్పిన ప్రకారము పాప సూదులు పూర్తిచేసికొన్నది. మూడు నెలలు నిండగానే కూనకు కూడ టీకా వేయించారు. జూలై 6న, 1885లో లూయీ పాశ్చర్ ఒక పసివానికి మొదటి రేబిస్ టీకా వేయించిన దినము జ్ఞాపకార్థముగా, పశువైద్యశాలలలో కుక్కలకు, పిల్లులకు ఉచితముగా టీకాలు వేయుదురు. ఆ దినము వరకు ఆగనక్కరలేదు, వీలైనప్పుడే వేయించుట మంచిది.

పట్టణపు స్నేహితుడొకరు ఇదంతయు విని, ఇంతగా ఆడించితే పిల్లి ఇక ఎలుకలను పట్టదేమో అన్నారు. ఆ అనుమానములో కొంత నిజము లేకపోలేదు. ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయమువారు 2021లో ప్రకటించిన దాని ప్రకారము, దినమునకు ఐదు పది నిమిషములు ఆడించిన పిల్లులు ఇంటికి తెచ్చు వేట నాలుగింట ఒక వంతు తగ్గినది. మాంసము ఎక్కువగా ఉన్న ఆహారము పెట్టితే మూడవ వంతుకు పైగా తగ్గినది. మన ఇండ్లలో పాలన్నము, సంగటి తిను పిల్లులకు ఆ రెండవ భయము లేదు! మిగిలిన మూడు వంతుల వేట మనకు చాలును.

జూన్‌లో తొలకరి పడిన తరువాత విత్తనపు సంచులు విప్పు దినమున మేము ఆ దారిన పోవుచు లోపలికి వెళ్ళాము. ఒక సంచి అడుగున మాత్రము కొరికిన పొట్టు ఉన్నది, అది పిల్లి రాక మునుపటిదని ఆ తల్లి చెప్పింది. అవ్వ కాయలు వలుచుచు కూర్చొన్నది. ఆమె ప్రక్కన నేల మీద ఆనాటి గోనెసంచి నోరు తెరచి పడియున్నది. అందులో నుండి తోక ఒకటి మాత్రము బయటికి కనబడుచున్నది. పాప ఒక చేయి వీపు వెనుక దాచుకొని, రెండవ చేతితో జొన్నదంటును సంచి మూతి ఎదుట లాగుచున్నది.

అవ్వ తల ఎత్తకుండగనే అన్నది: "అయ్యగారూ, మీ పిల్లి మళ్ళీ ఈనితే ఇంగొగటి ఇయ్యండి, దీనికి తోడు. ఈతూరి మాత్రం మూన్నెల్లు నిండినంకనే."